మన బిడ్డలకు బి.ఏ. చదువు వద్దా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, చదువు సహాయ నిధి మీద జరిగిన చర్చలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, షోలాపూర్ నుంచి, బరంపురం నుంచి, బెంగుళూరు నుంచి, యానాం నుంచి రైళ్ళు మారి వచ్చిన బంధువులకు, కుర్చీలు చాలక వెనక నిలబడి ఉన్న తమ్ముళ్ళకు చేతులెత్తి నమస్కారం చేస్తా ఉన్నాం. మాకు ఇచ్చిన టైము పదిహేను నిముషాలు. దాన్ని పొగడ్తల్లో ఖర్చు పెట్టము.

మేము చదివింది ఎనిమిదో తరగతి. ఆ తరవాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాం, ఇంకొన్నాళ్ళకు సంఘం లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాం. యూనివర్సిటీ చదువు ఎట్లా ఉండాలో చెప్పడానికి ఈయనెవరు అని మీలో కొందరికి అనిపిస్తుంది. న్యాయమే. కానీ మన నిధి డబ్బుతో ఏ బిడ్డ చదవాలో, ఏ చదువు చదవాలో మనమే నియమం రాసుకున్నాం కదా. ఆ రోజు చెయ్యి ఎత్తినవాళ్ళలో మేమూ ఉన్నాం. కాబట్టి జవాబు చెప్పుకోవలసింది మేమే.

నియమం మీకందరికీ తెలుసు. ప్లస్ టూలో 85 శాతం పైన మార్కులు ఉండాలి. ఇంజనీరింగు, మెడిసిన్, ఫార్మసీ, ఆడిటరు చదువు, వీటికే సహాయం. బి.ఏ.కి రూపాయి లేదు. ఆ తీర్మానం పాస్ కావడానికి ఐదు నిముషాలు కూడా పట్టలేదు. అప్పటికే భోజనాల దగ్గర ఆకులు వేస్తా ఉన్నారు, అది వేరే మాట. మన మనసులో ఉన్నవి రెండు. తెలివైన బిడ్డకే పెడదాం, తిండి పెట్టే చదువుకే పెడదాం. చరిత్ర, తెలుగు, తత్త్వం చదివి ఎవడు బాగుపడ్డాడు అని ఒకాయన అడిగితే మేమూ నవ్వాం.

ఆ నవ్వు మా గొంతులో అడ్డం పడింది. ఎట్లాగంటే చెప్తాం.

మా సంఘంలో ఒక ముసలమ్మ. ఆమె మొగుడు మా సంఘం మొదటి తరం సభ్యుల్లో ఒకాయన. ఆయన పోయాక ఆయన పేరు మీద రావలసిన సహాయానికి అర్జీ పెట్టింది. ఆయన ఏ సంవత్సరం నుంచి సభ్యుడో రుజువు కావాలన్నారు ఆఫీసులో. మా దగ్గర వాటాధనం రిజిస్టరు ఉంది, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి, చెదలు తిన్నవి పోగా. మొదటి ఏళ్ళవి అన్నీ తెలుగులో, గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. చెయ్యి ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలిపి రాసుకుంటా పోయిన రాత అది. మాకు అచ్చు తెలుగు వచ్చు, చేత్తో రాయనూ వచ్చు. ఆ రాత మాత్రం మాకు పడుగు చిక్కుపడ్డట్టు కనిపిస్తుంది. మా తరవాతి వాళ్ళకు తెలుగు అక్షరమే రాదు. 2006 చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు నేర్పే బళ్ళు అంతకు ముందే తగ్గిపోయి ఉన్నాయి. తమిళం నేర్చుకోవడం తప్పు అని మేము అనం, అన్నం పెట్టిన నేల భాష అది. మా గోడు రెండోది పోయిందని.

మన నిధి సహాయంతో ఇంజనీరింగు చదివిన పిల్లలు ఇద్దరు వచ్చారు. మంచి పిల్లలు. ఆదివారం అంతా కూర్చుని ఒక్కొక్క పేజీ ఫోటో తీసి పెట్టారు. ఆ మేలు మరిచిపోము. ఫోనులో అక్షరాలు గుర్తుపట్టే యాప్ పెట్టి చూశారు. అది ఏమేమో అక్షరాలు రాల్చింది. తలా తోకా లేదు.

అప్పుడు మా వీధి పిల్ల ఒకతె వచ్చింది. బి.ఏ.లో చరిత్ర చదివి, ఎం.ఏ. తెలుగులో చేరిన పిల్ల. పేరు చెప్పము, సిగ్గుపడుతుంది. వాళ్ళ నాయన రెండు మగ్గాల మనిషి. ఆ పిల్ల బి.ఏ.కి మన నిధికి అర్జీ పెట్టుకుంది. నియమం ప్రకారం అర్హత లేదు అని జవాబు రాసింది మా చెయ్యే. ఆ ఉత్తరం సంగతి ఆ పిల్ల ఎత్తలేదు. "పెద్దనాయనా, పుస్తకాలు ఇస్తారా, నేను చూస్తాను" అంది.

పదహారు రోజులు కూర్చుంది. మొదటి నాలుగు రోజులు ఏ పేజీ చదవలేదు. ఒక కాగితం మీద ఆ గుమాస్తా ఏ అక్షరం ఎట్లా రాస్తాడో జాబితా వేసుకుంది. తెలిసిన పేర్లు, తెలిసిన తేదీలు పట్టుకుని వాటి నుంచి తెలియని అక్షరాలకు పోయింది. తొమ్మిదో రోజు ఆయన పేరు దొరికింది. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, కట్టిన వాటా డబ్బుతో సహా. అయితే ఆధార్ కార్డులో పేరు వేరేగా ఉంది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే. తెలుగులో గోవిందు అని రాసింది తమిళంలోకి పోయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పోయేసరికి కోవిందు అయి కూర్చుంటుంది. ఇద్దరూ ఒకటే మనిషి అని ఎట్లా ఒప్పించేది? ఆ పిల్ల ఒక పేజీ నోటు రాసింది. రెండు లిపుల్లో అక్షరాలు ఎట్లా మారతాయో, మా రిజిస్టరులోనే ఇంకా ఎన్ని పేర్లు అట్లా మారాయో చూపించి రాసింది. ఆఫీసులో ఆ నోటు తీసుకున్నారు, ముద్ర వేసి ఇచ్చారు. డబ్బు ఇంకా రాలేదు. ముసలమ్మ వారానికి ఒకసారి వచ్చి అడుగుతా ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఆ చదువు పనికిరాని చదువా?

మన యువజన విభాగం తమ్ముడు ఒకడు పోయిన నెల మాతో వాదించాడు. తెలివైనవాడు, వాడి మాట తీసేయకూడదు. "మామయ్యా, యూనివర్సిటీ అంటే వడపోత ఉండాలి. నలందలో ఏం చేశారు? వాకిట్లోనే పరీక్ష. పదిమంది వస్తే ఏడెనిమిది మందిని వెనక్కి పంపారు. అందుకే దానికి పేరు వచ్చింది" అన్నాడు. నిజమే. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ అదే రాశాడని మేమూ బడిలో చదువుకున్నాం. ఈ మాట ఆ పిల్లకు చెప్తే ఒకటే ప్రశ్న అడిగింది: "వాకిట్లో వాళ్ళు ఏ విషయంలో పరీక్ష పెట్టేవాళ్ళు పెద్దనాయనా?" శాస్త్రాల మీద, వాదం మీద. లోపల నేర్పింది బౌద్ధం, వేదాలు, వ్యాకరణం, తర్కం, దాంతోపాటు వైద్యం. అంటే అంత గట్టి వడపోత పెట్టింది, ఈ రోజు మనం దండగ అంటున్న చదువులకే! మన తమ్ముడు నలందను సగమే తెచ్చాడు. వాకిలి తెచ్చాడు, లోపలి చదువు వదిలేశాడు.

వాకిలి సంగతి చూద్దాం. తెలివి అనేది ఒకటి ఉంది, దాన్ని తూకం వేయవచ్చు, ఎక్కువ తూగినవాడికి సీటు ఇవ్వవచ్చు అని లోకం నమ్ముతా ఉంది. తెలివిని కొలిచే పరీక్షను మొదట చేసింది ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, 1905లో. ఆయన చేసింది బడిలో వెనకబడిన పిల్లలు ఎవరో కనిపెట్టి, వాళ్ళకు ఎక్కువ సాయం అందించడానికి. తెలివి పుట్టుకతో గీసిన గీత కాదు, నేర్పితే పెరుగుతుందని కూడా ఆయన అన్నాడు. తరవాత వచ్చినవాళ్ళు దాన్ని తిరగేశారు. సాయం అవసరమైన బిడ్డను వెతకడానికి చేసిన కొలబద్ద, బిడ్డను బయట నిలబెట్టడానికి పనికొచ్చింది.

మగ్గం దగ్గర పెరిగినవాళ్ళకు ఇది విడమరచి చెప్పాలా? మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు, వేలిముద్ర మనిషి. జకార్డు మా ఊరికి రాకముందు, అంచులో పువ్వు రావాలంటే ఏ వరసకు ఏ పోగులు లేవాలో లెక్క కట్టి, దారాలు ముడివేసి పెట్టేవాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. హంస తల ఎక్కడ వంగుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. (జకార్డు కనిపెట్టిన ఆయన కూడా ఫ్రాన్సులో లియాన్ ఊరి నేతగాడి కొడుకే. ఆ చిల్లుల అట్టలే తరవాత కంప్యూటరు అట్టలకు దారి చూపించాయట.) ఆ పెద్దాయనను నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టమంటే సున్నా వస్తుంది. ఆయనకు తెలివి లేదని ఎవడనగలడు?

ఇంకొకటి. మార్కులు కొలిచేది తెలివిని మాత్రమే కాదు, తీరికను కూడా. మన ఇంట్లో బిడ్డ బడి నుంచి వచ్చి కండెలు చుడుతుంది. పెళ్ళిళ్ళ సీజను అయితే రాత్రి పది దాకా. కోచింగు సెంటరులో ఏడాది కూర్చున్న బిడ్డా, కండెలు చుట్టి 72 తెచ్చుకున్న బిడ్డా ఒకే తరాజులో ఎట్లా తూగుతారు? ఇది మేము కొత్తగా చెప్పే మాట కాదు. తమిళనాడులో 2006లో చట్టం చేసి ఇంజనీరింగు, మెడిసిన్ ప్రవేశ పరీక్షలు తీసేశారు, పల్లె పిల్లలు కోచింగు కొనుక్కోలేరనే. మెడిసిన్‌కు తరవాత నీట్ వచ్చింది. అప్పుడు 2020లో మళ్ళీ చట్టం చేసి, మెడికల్ సీట్లలో 7.5 శాతం సర్కారు బడి పిల్లలకు పక్కన పెట్టారు. ప్రభుత్వాలే వాకిలి వంకరగా ఉందని ఒప్పుకుని సర్దుతా ఉంటే, మనం మన చిన్న నిధికి 85 అనే గడప కట్టుకున్నాం. సెంట్రల్ యూనివర్సిటీల్లో 2022 నుంచి బి.ఏ.కి కూడా దేశమంతటికీ ఒకటే కంప్యూటరు పరీక్ష పెట్టారు. ఇక చరిత్ర చదవడానికి కూడా కోచింగు బోర్డులు మన వీధి మొగల్లో లేస్తాయి.

ఆపరేషను చేసే డాక్టరు సీటుకు వడపోత వద్దని మేము అనడం లేదు. సీట్లు తక్కువ, ప్రాణాలతో పని. కానీ అన్ని చదువులకూ అదే జల్లెడ ఎందుకు? మన తెలుగు గడ్డ మీదే, హైదరాబాదులో 1982లో, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ గారి పేరు మీద ఉంది. ఇంటరు లేనివాళ్ళను కూడా చిన్న అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. పగలు పని చేసి రాత్రి చదివినవాళ్ళు అక్కడ బి.ఏ. పట్టా తీసుకున్నారు.

ఇక రెండో మాట, బి.ఏ. ఎందుకు అనేది. ఇందాకటి పిల్ల మాకు ఫోనులో ఒక శాసనం చూపించి అర్థం చెప్పింది. అది విన్నప్పటి నుంచి మాకు నిద్ర సరిగ్గా పట్టలేదంటే నమ్మండి. మధ్యప్రదేశ్‌లో మందసోర్ అని ఊరు. పాత పేరు దశపురం. అక్కడికి లాట దేశం నుంచి, అంటే ఇప్పటి గుజరాత్ దక్షిణం వైపు నుంచి, పట్టు నేసేవాళ్ళ శ్రేణి ఒకటి వలస వచ్చింది. శ్రేణి అంటే మన సంఘం లాంటిదే. వాళ్ళు క్రీ.శ. 437 ప్రాంతంలో సూర్యుడి గుడి కట్టారు. అది పాడయితే 473లో వాళ్ళే బాగు చేయించి, వత్సభట్టి అనే కవి చేత తమ కథంతా పద్యాల్లో రాయించి రాతి మీద చెక్కించారు. అందులో ఏముందంటే, వలస వచ్చాక వాళ్ళలో కొందరు విలువిద్య నేర్చారు, కొందరు కథలు చెప్పడంలో ఆరితేరారు, కొందరు ధర్మం మాట్లాడేవాళ్ళయ్యారు, కొందరు జ్యోతిషం చదివారు, కొందరు యుద్ధంలో పేరు తెచ్చుకున్నారు, తక్కినవాళ్ళు తమ పట్టు నేత పనిలోనే ఉన్నారు. అందరినీ కలిపి ఒకే రాయి మీద పెట్టారు. కథ చెప్పేవాడిని వేరు చేయలేదు, మగ్గం వాడిని తక్కువ చేయలేదు.

ఊరు వదిలి పరాయి చోటికి వచ్చిన నేతవాళ్ళు. మనమూ అంతే కదా. వాళ్ళు కవికి డబ్బు ఇచ్చారు కాబట్టి పదిహేను వందల ఏళ్ళ తరవాత వాళ్ళు ఎవరో మనకు తెలిసింది. 1888లో ఫ్లీట్ అనే ఇంగ్లీషు ఆఫీసరు ఆ శాసనాన్ని పుస్తకంలో అచ్చు వేశాడు కాబట్టి మా వీధి పిల్ల ఫోనులోకి వచ్చింది. మనం సేలం ఎప్పుడు వచ్చాం, షోలాపూర్ ఎందుకు పోయాం, బరంపురంలో మన వీధులు ఎవరు ఇచ్చారు అంటే, మన దగ్గర ఉన్నది అమ్మమ్మ చెప్పిన మాట. అమ్మమ్మలు పోతా ఉన్నారు.

మన కథ రాసినవాళ్ళు లేకపోలేదు. ఢిల్లీలో చరిత్ర ప్రొఫెసరుగా పనిచేసిన విజయా రామస్వామి గారు దక్షిణాది నేతగాళ్ళ మీద, శాసనాలు వెతికి, 1985లో పుస్తకం వేశారు. స్వర్ణలత గారు గోదావరి, విశాఖ వైపు నేతవాళ్ళు కంపెనీ వాళ్ళ బయానాల కింద ఎట్లా నలిగారో, ఎట్లా ఎదురు తిరిగారో కాగితాలు తవ్వి 2005లో పుస్తకం తెచ్చారు. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. మన ఇళ్ళలో ఎవరికైనా తెలుసా? తెలుగులోకి తెచ్చేవాళ్ళు కావాలంటే తెలుగు చదివిన బిడ్డ కావాలి, ఇంగ్లీషు చదివిన బిడ్డ కావాలి. యానాం బంధువులు ఇక్కడే ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు మీ ఊరిలో మకాం వేసింది గుడ్డల బేరానికి కూడా. వాళ్ళ కాగితాలు ఫ్రెంచిలో ఉంటాయి. ఆ కాగితాల్లో మీ తాతల తాతలు ఉండవచ్చు. చదివి చెప్పేది ఫార్మసీ బిడ్డ కాదు.

ఇది గొప్పలకు మాత్రమే కాదు, కూటికి కూడా. కాంచీపురం పట్టుకు, ఆరణి పట్టుకు, సేలం వెణ్‌పట్టుకు, బరంపురం పట్టుకు, షోలాపురి చద్దరుకు జి.ఐ. గుర్తింపు ఉంది. ఆ అర్జీలో సరుకు ఎంత బాగుందో రాస్తే చాలదు, ఈ నేత ఈ ఊరిదే అని పాత ఆధారాలు చూపించాలి. గెజిటీరు, శాసనం, పాత లెక్క. 1985 చట్టం చేతిమగ్గానికి 22 రకాలు రిజర్వు చేసింది. సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. తరవాత 22 కాస్తా 11 అయ్యాయి. తగ్గిపోతా ఉన్నప్పుడు ఆ కాగితం చదివి, ఇది మన కంచంలో నుంచి తీస్తున్నారు అని మనకు వీధి మొగలో నిలబడి చెప్పినవాళ్ళు ఎంతమంది?

బి.ఏ. చదివి మొబైలు షాపులో రీచార్జి చేస్తా ఉన్న పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. దాచము. ఇంజనీరింగు చదివి బండి మీద భోజనం పొట్లాలు మోస్తా ఉన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మీద అప్పు కూడా ఉంది. ఇంకా చేదు మాట ఏమంటే, బి.ఏ. పట్టా చేతిలో ఉండి, ఒక అర్జీ సొంతంగా రాయలేని పిల్లలను మేము చూశాం. పరీక్షకు ముందు రోజు గైడు బట్టీపట్టి పాసయినవాళ్ళు. అట్లాంటి పట్టా ఇచ్చిన కాలేజీ ఆ బిడ్డను మోసం చేసింది, ఆ బిడ్డ నాయన మగ్గం కూలిని మోసం చేసింది. బి.ఏ. దండగ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

దానికి మందు వాకిట్లో లేదు. మన పనిలో ఎట్లా చేస్తాం? మగ్గం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడికి మేము ప్రవేశ పరీక్ష పెట్టము. కూర్చోరా అంటాం. కండె చుట్టడం, పోగు తెగితే ముడి వేయడం, అచ్చు అతకడం, ఒక్కొక్కటిగా నేర్పుతాం. కొందరు ఆరు నెలల్లో పట్టుకుంటారు, కొందరికి రెండేళ్ళు. కానీ చీర కోసి సంఘానికి తెచ్చిన రోజు మాత్రం బల్ల మీద పరిచి, వెలుతురుకు ఎత్తి, పోగు పోగు చూస్తాం. తప్పు ఉంటే కూలి తగ్గుతుంది. అక్కడ మొహమాటం లేదు, అన్న కొడుకైనా అంతే. యూనివర్సిటీలు దీన్ని తలకిందులు చేసుకున్నాయి. లోపలికి వచ్చేటప్పుడు వెలుతురుకు ఎత్తి చూస్తాయి, బయటికి పోయేటప్పుడు చూడకుండా ముద్ర వేస్తాయి.

యూనివర్సిటీలను మార్చే శక్తి ఈ పందిట్లో లేదు. మన నియమం మార్చే శక్తి ఉంది. మేము పెడుతున్న సవరణ ఇది. ఏ చదువు అనే షరతు తీసేద్దాం. 85 తీసేసి, పాసయి కాలేజీలో సీటు వచ్చిన ప్రతి నేతింటి బిడ్డ అర్జీ తీసుకుందాం. డబ్బు చాలకపోతే, ఇంతవరకు డిగ్రీ లేని ఇంటి బిడ్డకు ముందు. సహాయం తీసుకున్న బిడ్డ ఏడాదికి ఒకసారి వచ్చి, ఆ ఏడు ఏం నేర్చుకుందో మన భాషలో, మనకు అర్థమయ్యేటట్టు, అరగంట చెప్పాలి. ఇంజనీరింగు బిడ్డ అయినా సరే. చెప్పలేకపోతే ఒక ఏడు గడువు ఇద్దాం, ఆ తరవాత ఆపుదాం. కోశాధికారి గారు డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. ఈ వార్షికోత్సవానికి శాలువాలకు, జ్ఞాపికలకు అయిన ఖర్చు ఆయన దగ్గరే ఉంది, ఒకసారి చదివి వినిపించమని కోరుతున్నాం.

తీర్మానం కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, మరాఠీలో ఉన్నాయి. ఒడియా ప్రతి మధ్యాహ్నానికి వస్తుందన్నారు. సంతకం చేసేవాళ్ళు ఇంటిపేరు కూడా పూర్తిగా, విడివిడిగా రాయండి. గొలుసుకట్టు వద్దు.